బోడగుట్టకు కొత్త కమాన్లు

వరంగల్, దవాఖాన నుంచి
ఆగస్టు, సోమవారం

బామ్మర్ది భానుచందర్‌కు మీ బావ ఎల్లస్వామి దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. మొదటి మాటే అబద్ధం ఎందుకని వదిలేస్తున్నాను. ఫోన్ పెట్టుకొని ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఇక్కడ ఫోన్ మాట్లాడితే వార్డంతా వింటుంది, ఇంట్లో మాట్లాడితే మీ అక్క ప్రేమలత వింటుంది. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి మిషన్‌కు తగిలించారంటే, నా రక్తం కడిగి మళ్ళీ నాకు అప్పజెప్పే దాకా ఆ చెయ్యి కదపకూడదు. కుడి చెయ్యి ఖాళీగా ఉంది గనుక దానికి ఈ పని చెప్పాను. జవాబు మాత్రం హసన్‌పర్తికి, ఇంటికి రాయకు. దవాఖాన ఎదురుగా మందుల దుకాణం రాంప్రసాద్ పేరు మీద రాయి, నాకు ఇస్తాడు.

పని బండిది. మన పాత పికప్‌ను ఎత్తు పెంచాలి. ఇన్నేళ్ళు కూరగాయలు మోసి మోసి, చక్రాల మీద బరువు ఆపే దాని కమాన్ పట్టీలు కుంగిపోయాయి. నీ చేత్తో వంచిన కొత్త పట్టీలు కావాలి, ఇప్పుడున్న దానికంటే జానెడు ఎత్తు నిలబెట్టేవి. వాటికి తగ్గట్టు పొడుగు షాక్ అబ్జర్బర్లు కూడా చూడు. టైర్ల సంగతి నేను చూసుకుంటాను.

ధర్మసాగర్ చెరువు అవతల బోడగుట్ట నీకు తెలుసు కదా. ఈ జబ్బు రాకముందు హన్మకొండ పిల్లలు ఆదివారాలు కొత్త జీపులేసుకొని అక్కడికి వచ్చేవాళ్ళు, నేనూ మన బండితో వాళ్ళ వెనక పోయేవాణ్ణి. మనది పాతదైనా నాలుగు చక్రాలూ లాగే బండి. అన్ని దారులూ ఎక్కాను గాని, బండరాయి అడ్డం పడుకున్న ఆ ఒక్క ఎగుడు మీద దాని కడుపు రాయికి ఆనుకొని చక్రాలు గాలిలో తిరిగాయి. తాడు కట్టి వెనక్కి లాగారు. "అంకుల్, ఈ బండి టమాటలకే మంచిగుంటది" అన్నాడొకడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నా నోట్లో చేదుగానే ఉంది.

ఆ ఎగుడు ఎక్కాలి. దసరాలోపు చెయ్యి.

మీ బావ
ఎల్లస్వామి


నిజామాబాద్
ఆగస్టు నెల

బావకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. నీ రాత చూసి చాలా రోజులైంది. లారీ మీద పోయే రోజుల్లో దారి పొడుగునా కార్డులు రాసేవాడివి, అక్క వాటిని నాతో చదివించుకొనేది. ఇప్పుడు అక్కకు తెలియకుండా నాకే రాస్తున్నావు. ముసలోడికి దసరా పండుగ అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నా షెడ్డుకు వారానికి ఒకడైనా ఇదే అడగడానికి వస్తాడు. వాళ్ళకు చెప్పేదే నీకూ చెబుతాను. గుట్టల కోసం ఒక బండి, రోజుకు ఒక బండి ఉన్నవాడు ఎంత ఎత్తైనా పెంచుకోవచ్చు. ఉన్నది ఒక్కటే అయితే ముందు రోజు సంగతి చూసుకోవాలి. మీ బండి వారానికి మూడుసార్లు నిన్ను దవాఖానకు తీసుకుపోతుంది, మిగతా రోజులు అక్క దాంట్లో కాలేజీ హాస్టళ్ళకు కూరగాయలు వేస్తుంది. ఎత్తు పెంచి కొత్త పట్టీలు వేస్తే ఖాళీ బండి రాయిలా గట్టిగా నడుస్తుంది. హసన్‌పర్తి నుంచి వరంగల్ దాకా ఉన్న గుంతలన్నీ నీ నడుము లెక్కబెట్టుకుంటుంది. మిషన్ మీద నుంచి దిగినప్పుడు నీకు కళ్ళు తిరుగుతాయట, అక్క చెప్పింది. అప్పుడు ఆ ఎత్తుకు కాలెట్లా లేపుతావు?

ఇంకొకటి కూడా ఉంది. బండి బరువు పైకి పోతే మలుపులో ఒరుగుతుంది. ఎత్తు బండిని నడపడానికి వేరే చెయ్యి కావాలి. అక్క స్టీరింగ్ పట్టుకొని ఎన్నాళ్ళయిందని? మామూలు బండికే ఆమె ఇప్పుడిప్పుడు అలవాటు పడుతోంది.

కుంగిన పట్టీలు తీసి, ఉన్న ఎత్తుకే మంచివి వేస్తాను. గుట్ట మాత్రం వద్దు బావా. నీ ఒంట్లో ఎలా ఉందో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అది రాయి.

నీ బామ్మర్ది
భానుచందర్


వరంగల్, దవాఖాన
సెప్టెంబరు

భానుచందర్‌కు,

నేను అడిగింది కమాన్లు, నువ్వు పంపింది బడిపంతులు పాఠం. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట. నీకు క్లచ్ ఏదో బ్రేక్ ఏదో చూపించింది ఎవరు? ధర్మసాగర్ కట్ట మీద నువ్వు బండిని నీళ్ళలోకి తీసుకుపోతుంటే హ్యాండ్‌బ్రేక్ లాగింది ఎవరు?

మీ అక్క నడపడం గురించి అంత ఫికర్ పడకు. మొదట్లో గేరు మార్చినప్పుడల్లా కళ్ళు మూసుకొనేది. ఇప్పుడు నేను పక్కన కూర్చొని "జర బ్రేక్ కొట్టు" అంటే "గేర్ మారుస్తాన, మాట్లాడకు" అంటుంది. చౌరస్తాలో ఆటోవాళ్ళను నాకంటే బాగా తిడుతుంది. ముప్పై ఏళ్ళు స్టీరింగ్ పట్టినవాణ్ణి, పక్క సీట్లో మూటలాగా కూర్చొని పోతున్నాను. ఆ సీట్లో నుంచి చూస్తే రోడ్డు వేరేగా ఉంటుంది, భానూ. నేను నడిపిన రోడ్డేనా ఇది అనిపిస్తుంది.

ఒంట్లో ఎలా ఉందని అడిగావు. దాహంగా ఉంది. ఇన్ని నీళ్ళే తాగాలని గ్లాసు చూపించారు, ఆ గ్లాసు పొద్దున్నే అయిపోతుంది. వానాకాలమంతా కిటికీలో నుంచి వాన చూస్తూ నోరు ఎండబెట్టుకొని కూర్చున్నాను. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

నీకు చేతకాదంటే చెప్పు. ఎవడో ఒకడు లారీ పట్టీలు రెండు జొప్పించి, బండిని ఎత్తి, దండం పెట్టి పంపుతాడు. అవి గుట్ట మీద విరిగితే అప్పుడు నీ పాఠం నువ్వు చదువుకో.

ఎల్లస్వామి


నిజామాబాద్
సెప్టెంబరు

బావకు,

మొండివాడు రాజుకంటే బలవంతుడు. లారీ పట్టీలు జొప్పిస్తారన్న మాట చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ పట్టీలు వేసిన బండ్లు ఎలా తిరిగొస్తాయో నేను చూశాను. అంతకంటే నా చేత్తో నేను చేయడమే మేలు. ఒప్పుకున్నాను.

అయితే పని నేర్పిన మా ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. బరువు చెప్పందే పట్టీని కొలిమిలో పెట్టకూడదు. బండిలో ఎవరెవరు కూర్చుంటారు, వెనక ఏమేస్తారు, రోజూ ఏ దారిన పోతుంది, ఈ మూడూ అడిగి తెలుసుకున్న తర్వాతే వంపు ఎంతో తేలుతుంది. ఎక్కువ చెబితే బండి గట్టిపడి ఎగురుతుంది, తక్కువ చెబితే పట్టీ విరుగుతుంది. అందుకే పెండ్లాంతో అబద్ధమాడే డ్రైవర్ కూడా కమాన్ల మేస్త్రీ దగ్గర నిజం చెబుతాడని ఉస్తాద్ నవ్వేవాడు.

నాకు తెలిసింది నేను వేసుకున్నాను. ముందర నువ్వు, అక్క, మీ దవాఖాన సంచి, దుప్పటి. వెనక కూరగాయల బుట్టలు. ఇంకా ఎవరినైనా ఎక్కించుకుంటున్నారా? కొత్త పట్టీలు పడ్డాక రోజువారీ ఎలా ఉంటుందో నువ్వే సరిగ్గా రాయి. అది రాగానే కొలిమి వెలిగిస్తాను. అక్క ఎక్కడానికి తలుపు కింద ఒక మెట్టు కూడా వెల్డింగ్ చేసి పెడతాను.

భానుచందర్


వరంగల్, దవాఖాన
సెప్టెంబరు

భానూ,

మెట్టు అక్కర్లేదు. కూర్చునేది డ్రైవర్ ఒక్కడే. నా ఒంటి బరువు ఇప్పుడు తక్కువే, ఇక్కడికి వచ్చినప్పుడల్లా తూస్తారు గనుక ఖాయంగా చెబుతున్నాను. వెనక ఏమీ ఉండదు. కూరగాయలకు మీ అక్క ఆటో మాట్లాడుకుంటుంది. రోజూ పోయే దారి అంటూ ఏదీ లేదు. గుట్ట ఒక్కటే.

ఈ లెక్కకు వంచు. పట్టీ ఎక్కువ కాలం రావాలని కూడా చూసుకోకు.

ఎల్లస్వామి


నిజామాబాద్
సెప్టెంబరు

బావా,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. మొదట పనివాడిలాగే చదివాను. డ్రైవర్ ఒక్కడు, బరువు లేదు, దారి లేదు. చాక్‌పీసుతో గోడ మీద రాసుకున్నాను కూడా. రాసినదాన్ని చూశాక చేత్తో చెరిపేశాను.

రోజూ పోయే దారి లేదంటావేమిటి? సోమ, బుధ, శుక్రవారాలు దవాఖాన దారి ఏమైంది? మా అక్క ఏమైంది ఆ బండిలో? ఆమె బరువు ఎందుకు తీసేశావు? బండి ఒక్కసారి గుట్ట ఎక్కితే చాలు, తర్వాత విరిగినా ఫరవాలేదని రాసే మనిషి, ఆ తర్వాత తను ఉండననుకుంటున్నాడన్నమాటే కదా!

నువ్వు మిషన్ మానేద్దామనుకుంటున్నావు. తప్పైతే తప్పని రాయి, నీ కాళ్ళు పట్టుకొని నవ్వుతాను. నాకు కోపంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది, దాచుకోవడం లేదు. దీనికి నా చేతుల్తో సామాను చేయించుకుందామనుకున్నావా? నేనే దొరికానా నీకు?

కొలిమి వెలిగించలేదు. నువ్వు జవాబు రాసేదాకా వెలిగించను.

భాను


వరంగల్, దవాఖాన
సెప్టెంబరు చివర

భానూ,

తప్పు కాదు.

నీ దగ్గర దాచాలనే అనుకున్నాను. ఇద్దరం కూర్చుంటామనీ బుట్టలు వేస్తామనీ రాయడానికి కాగితం తీశాను కూడా. చెయ్యి రాలేదు. నేనూ బండి మనిషినే. తప్పుడు బరువు మీద నువ్వు పట్టీ వంచుతావనుకుంటే మనసొప్పలేదు. సచ్చే ముందు కూడా మేస్త్రీకి అబద్ధం చెప్పలేకపోయాను, నవ్వుకో.

సూదులు గుచ్చే ఎడమ చేతి నరం మూసుకుపోతోంది. చెయ్యి పెట్టి చూస్తే ఇదివరకు చీమలు పాకినట్టు జుమ్మనేది, ఇప్పుడు చాలా కష్టం మీద తగులుతోంది. డాక్టరమ్మ దీప్తి చూసి, మెడలో గొట్టం వేద్దాం, దాంతో కొన్నాళ్ళు నడుపుదాం, తర్వాత ఇంకో చేతి నరానికి ఆపరేషన్ చేద్దాం అంది. మంచి పిల్ల, ఓపిగ్గా చెప్పింది. వింటున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది, కొన్నాళ్ళు నడిపి ఏం చేయాలని. మానేస్తే ఏమవుతుందని అడిగాను. ఎక్కువ రోజులు ఉండరని చెప్పింది, ఇంట్లో మాట్లాడుకొని రమ్మంది. ఆ మాట మీ అక్కకు చెప్పలేదు.

ఆమెకు బరువు కాకూడదనే ఇదంతా అని రాస్తే నాకు పేరొస్తుంది. కాని అది పూర్తి నిజం కాదు. ఆమె చేతులు స్టీరింగ్‌కు కాయలు కాశాయి, నిద్రలో కూడా గేరు మారుస్తున్నట్టు కాలు కదుపుతుంది, అది చూస్తే బాధే. అయినా అసలు సంగతి నేను విసిగిపోయాను. దాహంతో విసిగిపోయాను. వారానికి మూడుసార్లు బతికి, మధ్య రోజులు దానికోసం ఎదురుచూడటంతో విసిగిపోయాను. ఒక్కసారి స్టీరింగ్ నా చేతిలో పెట్టుకొని ఆ రాయి దాటి పైనుంచి ధర్మసాగర్ నీళ్ళు చూసి దిగివస్తాను. తర్వాత మంచం మీద పడుకుంటాను. ఇంతే నా ఆలోచన.

మీ అక్కకు చెప్పకు. నీకు దండం పెడతా.

బావ


నిజామాబాద్
అక్టోబరు, దసరాకు ముందు

బావా,

మూడుసార్లు రాసి చింపేశాను.

వద్దని చెప్పే హక్కు నాకు ఉందో లేదో తెలియదు. సూదులు గుచ్చేది నీ చేతికి. నేను ఇక్కడ ఇనుము కాల్చుకుంటూ నువ్వు ఓర్చుకోవాలని చెప్పడం తేలిక. ఓర్చుకోమని రాయను. ఉండాలని మాత్రం రాస్తాను. నాకు నువ్వు కావాలి. మా నాన్న పోయాక నాకు బండి, పని, పెళ్ళి అన్నీ చూసింది నువ్వే. ఇది నీకు ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు.

"మీ అక్కకు చెప్పకు" అన్నావు. చెప్పను, మాట ఇస్తున్నాను. నువ్వు చెప్పాలి. బండి నడిపే మనిషి ఒప్పుకోందే బండి కిందికి దూరనని నాకు ఇంకో కట్టుబాటు ఉంది. ఇది ఉస్తాద్‌ది కాదు, నేనే ఇప్పుడు పెట్టుకున్నాను. ఆ బండిని ఇన్ని నెలలుగా నడుపుతున్నది మా అక్క. ఎత్తు పెంచాలా వద్దా అన్నది నువ్వు నాతో తేల్చుకునేది కాదు, ఆమెతో తేల్చుకోవాలి. ఎందుకు పెంచుతున్నావో కూడా చెప్పి మరీ అడుగు. ఆమె సరే అంటే, ఆమె నోటితో నాకు ఫోన్ చేసి అంటే, కొలిమి వెలిగిస్తాను. ఏడుస్తూనే వంచుతాను, కాని మంచిగా వంచుతాను. ఆ రాయి నీ బండి కడుపుకు తగలదు.

ఆమెకు చెప్పకుండా నువ్వు వేరే షెడ్డుకు పోతే మాత్రం ఈ జన్మలో నీ మొహం చూడను. ఆ జన్మ ఎన్నాళ్ళదైనా సరే.

భాను


హసన్‌పర్తి
అక్టోబరు, దసరా వెళ్ళాక

భానుచందర్‌కు,

ఇది ఇంట్లో కూర్చొని రాస్తున్నాను. మీ అక్క వాకిట్లో బండి కడుగుతోంది.

శుక్రవారం దవాఖానకు పోయే దారిలో చెప్పాను. ఇంట్లో చెబితే కళ్ళలోకి చూడాల్సి వస్తుంది, బండిలో అయితే ఇద్దరం రోడ్డు చూస్తూ మాట్లాడొచ్చని ఆ తెలివి. ముందు నీకు రాసిన కమాన్ల సంగతితో మొదలుపెట్టాను. ఆమె అంతా విని, "ఎత్తు పెంచినంక నువ్వెట్ల ఎక్కుతవ్? స్టూల్ ఏస్కోవాల్నా?" అంది. "ఎక్కేది లేదు ప్రేమా. ఇగ దవాఖానకు రాను" అన్నాను.

ఆమె అద్దంలో వెనక చూసి, ఇండికేటర్ వేసి, బండిని రోడ్డు పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగింది. తర్వాత నన్ను కొట్టింది. మా పెళ్ళిలో అప్పగింతలప్పుడు తప్ప ఆమె గట్టిగా ఏడవగా నేను చూడలేదు, నా మీద చెయ్యెత్తడం అసలు చూడలేదు. డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి పక్కన ఉన్నవాడి కుడి భుజమే దగ్గర కదా అనుకుంటావు. తిరిగి రెండు చేతులతో కొట్టింది భానూ, వంగి ఛాతీ మీద, కుడి భుజం మీద, తొడల మీద కొట్టింది. నేను అడ్డం పెట్టుకోబోయి ఎడమ చెయ్యి లేపాను. ఆమె ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ చెయ్యి పట్టుకొని మెల్లగా పక్కకు, తలుపు వైపు పెట్టి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

ఆ చేతికి దెబ్బ తగలకూడదని మొదటి రోజు చెప్పారు. దానిమీద గడియారం పెట్టుకోనివ్వదు, దాన్ని తల కింద పెట్టుకొని పడుకోనివ్వదు. ఎలాగూ మూసుకుపోతున్న నరం అది. నేను పోతానంటున్న మనిషిని. అంత కోపంలో కూడా ఆ చెయ్యిని పక్కన పెట్టింది.

అలిసిపోయాక అడిగింది. "ఎన్నాళ్ళ సంది అనుకుంటానవ్?"

"వానలు పడ్డప్పటి సంది."

"భానుగానికి చెప్పినవ్, నాకు చెప్పలే. పక్కనే కూసుంటవ్ గదా రోజు!" అంది. కొంగుతో మొహం తుడుచుకొని, "నీకు ఒద్దంటే ఒద్దు. రెక్కలు కట్టి ఈడ్సుకపోతనా? కాని నువ్వు లేనంక నేనీ బండి ఏడికి తోలాలె? అది చెప్పు, నేను ఇంటికి తిప్పుత" అంది.

ఆమె తలుపు వైపు పెట్టిన నా ఎడమ చెయ్యినే చూసుకున్నాను. వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. "పోనియ్" అన్నాను. ఎటు అని ఆమె అడగలేదు. ఇండికేటర్ వేసి దవాఖాన వైపే తీసింది.

మెడలో గొట్టం వేశారు. తల తిప్పితే గుంజుతుంది. సంతోషంగా ఒప్పుకోలేదు, అది నీకు తెలియాలి. దాహం అలాగే ఉంది. ఈ గొట్టం చెడిపోతే మళ్ళీ మాట్లాడుకుందాం, అప్పుడు నేను నీతో కాదు, తనతోనే మాట్లాడాలని ఆమె ఒట్టు వేయించుకుంది. అప్పుడు నేను వద్దంటే బతిమాలనని తనూ ఒట్టు వేసింది.  మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంత పెద్ద బేరం ఎప్పుడూ చేసుకోలేదు.

బోడగుట్ట ఇక నా వల్ల కాదు. మెడ ఇలా పెట్టుకొని ఆ రాళ్ళ మీద పోలేను. తెలిసే రాస్తున్నాను, ఎవరూ ఓదార్చక్కర్లేదు. నిన్న పగలంతా దానికోసం ఏడ్చాను. ఒక ఎగుడు కోసం ఇంత మనిషి ఏడవడమేమిటని ఆమె అనలేదు, పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచింది.

పట్టీల మాట. ఎత్తు వద్దు. గుంతలో బండి పడ్డప్పుడల్లా గొట్టం దగ్గర కత్తి దించినట్టు ఉంటోంది, నేను మూలిగితే ఆమె కాలు బ్రేక్ మీదికి పోతోంది, వెనకవాళ్ళు తిడుతున్నారు. నీకు ఎంత మెత్తగా చేతనైతే అంత మెత్తగా వంచు. బరువు రాసుకో: డ్రైవర్ ప్రేమలత, పక్కన నేను, సంచి, దుప్పటి. బుట్టలు మామూలే. దారి సోమ, బుధ, శుక్రవారాలు దవాఖానకు, పొద్దున పోవడం, మధ్యాహ్నం రావడం.

పట్టీ ఎన్నాళ్ళు రావాలని అడుగుతావు. నాకు తెలియదు. మంచి ఇనుము పెట్టు.

బావ
ఎల్లస్వామి